పేరునకు తగిన అక్షరము

తెలుగు బజారులో ఫ్లెక్సు ఇంకను కాలు మోపని దినములలో దుకాణమునకు పేరు పెట్టుట యజమాని పని; ఆ పేరునకు రూపము కల్పించుట బోర్డు వ్రాయు పెయింటరు పని. అతడు రేకునకు తెల్లరంగు పూసి ఆరబెట్టి, సుద్ద రాసిన దారముతో పైగీతను, క్రిందిగీతను కొట్టి, పేరును ఒకటి రెండు మారులు పైకి చదువుకొని, అందులో అక్షరములెన్ని, వానిలో క్రిందికి వత్తులు దిగునవెన్ని, గుడిదీర్ఘము పైగీతను ఎచ్చట దాటును అని మనసులోనే కొలతలు వేసికొని, ఆ పిమ్మటనే కుంచెను ఎనామిలులో ముంచెడివాడు. పేరులో 'లక్ష్మీ' అను మాట ఉన్నచో, క్షకారము క్రింద మకారపు వత్తునకు కూడ చోటు కావలెనని ముందుగనే ఎరిగి, ఆ ఒక్క అక్షరమును ఈషణ్మాత్రము పైకి జరిపి, వత్తును కొంత కుదించి, చూచువారికి ఆ జరుపుటగాని కుదించుటగాని తెలియకుండ చేసెడివాడు. అతనికి లిపిశాస్త్రము తెలియదు. కాని ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క కొలత ఉండునని తెలియును.

ఈ శతాబ్దపు తొలి దశకములో ఫ్లెక్సు వచ్చినది, పెయింటరు పోయినాడు. అతని చేతిలోని లెక్క మాత్రము కంప్యూటరునకు సంక్రమింపలేదు. ఫాంటు అనగా ముందుగనే గీసి సిద్ధపరచిన అక్షరముల సముదాయము. దానిని గీసినవాడు ఏ అహమ్మదాబాదులోనో, ఏ కాలిఫోర్నియాలోనో ఉండును. మన దుకాణమునకు మన తాతగారి పేరు పెట్టుకొన్నామని అతనికి తెలియదు. కావున పెయింటరు తన కుంచెతో చేసిన సర్దుబాటును ఇప్పుడు మనము ఎన్నికతో చేసికొనవలసియున్నది: మన పేరులోని అక్షరములను, వాని గుణింతములను, వత్తులను ఇబ్బంది లేక మోయగల ఫాంటును వెదకి పట్టుకొనవలెను. డీటీపీ సెంటరులోని కుర్రవాడు "ఏ ఫాంటులో కొట్టమంటారండీ?" అని అడిగినపుడు, "ఏదో ఒకటి, కాస్త లావుగా కనిపించేట్టు కొట్టు బాబూ" అని చెప్పుట, పది సంవత్సరములు ఆ బోర్డు క్రింద కూర్చుండబోవు మనిషి ఇయ్యదగిన ప్రత్యుత్తరము కాదు.

పచ్చళ్లు పెట్టి అమ్ము డ్వాక్రా సంఘము, వీధి మలుపున టిఫిన్ సెంటరు, చేనేత చీరలను వాట్సాప్ ద్వారా విక్రయించు గృహిణి, కుట్టుపని నేర్పుచు కుట్టియిచ్చు దర్జీ, వీరెవ్వరును ఫాంటు కొరకు రూపాయి ఖర్చు పెట్టు స్థితిలో ఉండరు. పెట్టనక్కరయు లేదు. తెలుగు లిపికి ఇప్పుడు ఉచితముగా లభించు ఫాంట్లు సంఖ్యలోను గుణములోను తక్కువవి కావు. లోపము ద్రవ్యమున లేదు, ఎన్నుకొనుటలో ఉన్నది.

అష్టదిగ్గజములు ఒక క్లిక్కు దూరములో

గూగుల్ ఫాంట్స్ అను భాండాగారము 2010లో ఆరంభమైనది. అందులో తెలుగు అను విభాగమును తెరచి చూచినవానికి మొదట కలుగునది ఆశ్చర్యము, పిదప ఒక చిరునవ్వు. పెద్దన ఉన్నాడు, తిమ్మన ఉన్నాడు, ధూర్జటి ఉన్నాడు, మల్లన, రామభద్రుడు, సూరన, రామరాజభూషణుడు, తెనాలి రామకృష్ణుడు, ఎనమండుగురును ఫాంట్లై కొలువుదీరి ఉన్నారు. వారి నడుమ శ్రీకృష్ణదేవరాయలు కూడ ఒక ఫాంటు పేరై ఉన్నాడు. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ చేయించి లోకమునకు ఉచితముగా ఇచ్చిన ఫాంట్లు ఇవి. భువనవిజయ సభలో ప్రవేశమునకు నాడు ఎంత పాండిత్యము కావలసెనో గాని, నేడు సెల్‌ఫోను చేతనున్న ఎవ్వడైనను పెద్దనను దింపుకొని కాకరకాయ కారము పొట్లము మీద అచ్చు వేసికొనవచ్చును. ఆ వరుసలోనే గిడుగు, గురజాడ, సురవరము, ఎన్టీఆర్, మండలి అను పేర్లును కలవు. గిడుగువారి పేరిట వెలసిన ఫాంటును గురించి ఇట్టి గ్రాంథికపు వాక్యములలో వ్రాయుచున్న నన్ను చూచి ఆ మహనీయుడు ఏమనునో ఊహించుట కష్టము కాదు.

ఈ సముదాయములో చాల వానికి ఒకే మందము కలదు. అనగా పలుచనిది, మధ్యమము, బొద్దుది అను తరగతులు లేవు; రామభద్ర ఫాంటు స్వభావతః బరువైనది, దానిని పలుచన చేయుటకు వీలు లేదు; మల్లన సాదా అయినది, దానికి నిజమైన బొద్దు రూపము లేదు. చతుర అను ఫాంటు ఇందుకు అపవాదము. దానికి అయిదు మందములు కలవు. ఈ విషయము చిన్నదిగా తోచును గాని, ముందు ముందు సంచుల మీద, సీసాల మీద అచ్చు వేయించునపుడు దీని ప్రభావమేమో తెలియును.

మరియొక వర్గము లిపిరూపకర్తలు వృత్తిగా నడుపు సంస్థల నుండి వచ్చినది. అహమ్మదాబాదులోని ఇండియన్ టైప్ ఫౌండ్రీ హింద్ అను ఫాంటును భారతీయ లిపుల కొరకు విస్తరింపజేయుచు, ఒక్కొక్క లిపికి ఆ భాష మాటలాడు ఒక్కొక్క ఊరి పేరు పెట్టినది. తమిళమునకు మదురై, బెంగాలీకి సిలిగుడి, గుజరాతీకి వడోదర, తెలుగునకు గుంటూరు. హింద్ గుంటూరు అయిదు మందములలో లభించును. ముంబైలోని ఎక్ టైప్ బృందము బాలూ అను ఎలుగుబంటి పేరుతో గుండ్రని, బొద్దైన ఫాంటు ఒకటి చేసి, దాని తెలుగు రూపమునకు బాలూ తమ్ముడు అని పేరిడినది. ఆ బృందమే 2022లో అనేక్ అను మరియొక కుటుంబమును వెలువరించినది. అనేక్ తెలుగులో మందము నూరు నుండి ఎనిమిదివందల వరకును, వెడల్పు డెబ్బదియైదు నుండి నూట యిరువదియైదు వరకును జరుపుకొన వీలున్నది. బోర్డు పొడవు తక్కువై పేరు పొడవైనదగునప్పుడు ఈ వెడల్పును జరుపుకొను వసతి ఎంతటి ఉపకారమో అనుభవించినవారికే తెలియును. గూగుల్ వారి నోటో తెలుగు రెండు రూపములలో ఉన్నది: సాదాగీతల సాన్స్, మందపు భేదము గల సెరిఫ్. రెండింటికిని తొమ్మిదేసి మందములు కలవు. తొలితరపు యూనికోడ్ ఫాంట్లయిన పోతన 2000, వేమన 2000 కూడ ఉచితములే. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు వానిని ఎంతో శ్రమించి తయారుచేసి ఇచ్చినారు.

నాకు మిక్కిలి ఇష్టమైనది మాత్రము తిరో తెలుగు. హార్వర్డు విశ్వవిద్యాలయ ముద్రణాలయము మూర్తి క్లాసికల్ లైబ్రరీ అను గ్రంథమాల కొరకు కెనడాలోని తిరో టైప్‌వర్క్స్ చేత చేయించిన ఫాంటు అది. జాన్ హడ్సన్, ఫియొనా రాస్ దాని రూపకర్తలు. 2015లో ఆ గ్రంథమాల ఆరంభమైనపుడు పెద్దన మనుచరిత్ర తొలి సంపుటములలో ఒకటిగా వెలువడినది. సీసపు అచ్చుల నాటి పుస్తకములలో కనబడిన సన్నని, బొద్దు గీతల పొందిక అందులో కలదు. మంగళగిరి చీర అంచునకు తగిలించు చీటీకిగాని, ఆయుర్వేద తైలపు సీసాకుగాని అది ఎంతయో శోభనిచ్చును. పునుగుల బండికి మాత్రము ఒప్పదు. బాలూ తమ్ముడు స్వభావము దీనికి విరుద్ధము: పిల్లల దుస్తులకు, మిఠాయి కొట్టునకు, ఐస్‌క్రీమునకు అది నవ్వుచు పలుకరించును, కాని ఆ నవ్వునకు ఆకర్షితులై అందరును దానినే వాడుచుండుటచే, ఒకే వీధిలో మూడు దుకాణములు ఒకే గొంతుకతో పిలిచినట్లుండును.

వెల లేదనినంత మాత్రమున

సీసపు అక్షరముల కాలములో అచ్చుకూటములవారు టైపును తూకమునకు కొనెడివారు. చిన్న ప్రెస్సులో రెండు మూడు సైజులకు మించి ఉండెడివి కావు. పెండ్లి శుభలేఖకు, సినిమా కరపత్రమునకు, పురపాలక సంఘపు నోటీసునకు ఆ మూడే. నేడు ఆ బరువు లేదు, ఆ వెలయు లేదు. కాని హక్కు అను విషయము మిగిలియున్నది. ఫాంటు ఫైలు కూడ ఒక సాఫ్ట్‌వేరే. దానిని ఏ షరతులపై ఇచ్చినారో ఆ షరతుల పత్రము దానితోబాటు వచ్చును, చదువువారే అరుదు.

పైన పేర్కొనిన ఫాంట్లలో అధికభాగము ఓపెన్ ఫాంట్ లైసెన్సు అను పత్రము క్రింద విడుదలైనవి. ఎస్‌ఐఎల్ అను భాషాపరిశోధన సంస్థ దీనిని రూపొందించినది. ఇప్పుడు వాడుకలోనున్న 1.1 పాఠము 2007 నాటిది. దాని సారము చాల సరళమైనది. ఈ ఫాంటును ఎవరైనను ఎచ్చటనైనను వాడవచ్చును, వ్యాపారమునకును వాడవచ్చును. ఎన్ని కంప్యూటర్లలోనైనను ఎక్కించుకొనవచ్చును, స్నేహితునికి ఇయ్యవచ్చును, మార్పులు చేయవచ్చును. షరతులు ముఖ్యముగా మూడు: ఫాంటును మాత్రమే విడిగా అమ్మరాదు, మార్చి తిరిగి పంచునపుడు అదే లైసెన్సు క్రిందనే పంచవలెను, మూలకర్త తనకై నిలుపుకొన్న పేరు ఉన్నచో ఆ పేరును దానికి పెట్టరాదు. ఫాంటుతో అచ్చువేసిన వస్తువునకు, అనగా లేబులుకు, బోర్డుకు, లోగోకు, ఈ బంధములేవియు వర్తింపవు. సీసా మీద రూపకర్త పేరు వేయనక్కరలేదు. లోగో కొరకు ఒక అక్షరపు తోకను పొడిగించి, ఒక వత్తును కుదించినను ఎవరి అనుమతియు అక్కరలేదు.

చిక్కంతయు మరియొకచోట ఉన్నది. ఉచిత ఫాంట్లు అని పేరు పెట్టుకొన్న సైట్లలో, ముఖ్యముగా ఆంగ్లాక్షరముల చేతివ్రాత ఫాంట్ల విషయములో, 'వ్యక్తిగత వినియోగమునకు మాత్రమే' అను చిన్న మాట ఒక మూల ఉండును. పుట్టినరోజు కార్డుకు అది చెల్లును. అమ్మకపు లేబులుకు చెల్లదు. రెండవది, డీటీపీ సెంటరులోని కంప్యూటరులో ఉన్నది గనుక ఉచితమనుకొనుట. అచ్చటి ఫాంట్లలో డబ్బిచ్చి కొన్నవి ఉండును, ఒకరినుండి ఒకరు నకలు చేసికొన్నవియు ఉండును. దేనిది ఏ పుట్టుకయో ఆ కుర్రవానికే తెలియదు. మూడవది, విండోస్‌తో వచ్చు గౌతమి, నిర్మలా యూఐ వంటివి. వానితో కాగితము అచ్చు తీసికొనుట వేరు. ఆ ఫైలును తీసి వేరొకరికి పంపుట, వెబ్‌సైటులో అమర్చుట వేరు. ఓపెన్ ఫాంట్ లైసెన్సు గల ఫాంటునే వాడుదునని నియమము పెట్టుకొన్నచో ఈ మూడు చిక్కులును ఒక్కసారిగా తొలగును. దింపుకొన్న జిప్ ఫైలులో ఓఎఫ్‌ఎల్ అను పేరుతో ఒక చిన్న పాఠపు ఫైలు ఉండును. దానిని పారవేయక, దుకాణపు రసీదులతోబాటు దాచియుంచుట మంచిది.

పచ్చళ్లు అని వ్రాసి చూడుము

ఫాంట్ల సైటులో ప్రతి ఫాంటు క్రిందను ఒక నమూనా వాక్యము కనబడును. దానిని చూచి మోహపడరాదు. ఆ వాక్యము అందరిది. మన పేరు మనది. అక్కడనే ఉన్న పెట్టెలో మన పేరును టైపు చేసి, పది ఫాంట్లలో వరుసగా చూడవలెను. పచ్చళ్ల వ్యాపారమును దృష్టాంతముగా గైకొందము. 'ఆవకాయ', 'గోంగూర', 'పూతరేకులు' అను మాటలలో ఒక్క వత్తును లేదు. అక్షరములన్నియు గీతపై సుఖముగా కూర్చుండును; ఏ ఫాంటులో వేసినను చెడవు; బరువైన రామభద్రలో వేసినను దర్జాగానే ఉండును. కాని లేబులు నడుమ పెద్దదిగా వేయవలసిన 'పచ్చళ్లు' అను మాట వచ్చుసరికి పరిస్థితి మారును. నాలుగే గీతల మాటగా కనబడు ఆ పదములో చకారము క్రింద చకారపు వత్తు, దాని ప్రక్కనే ళకారము క్రింద లకారపు వత్తు, ఆ ళకారమునకే కుడివైపున కొమ్ము. రెండు వత్తులు ఒకదాని ప్రక్క నొకటి దిగుచున్నవి. అక్షరముల నడుమ ఎడము తక్కువగా ఉంచి గీసిన ఫాంటులో మొదటి వత్తు తోక రెండవ అక్షరపు అడుగునకు తగులును. ఎడము ఎక్కువగా ఉంచిన ఫాంటులో ప-చ్చ-ళ్లు అని మూడు ముక్కలై తోచును. వత్తులను చాల చిన్నవిగా గీసిన ఫాంటులో దూరమునుండి చూచినవాడు 'పచళు' అని చదువుకొనును. పెద్దవిగా గీసిన ఫాంటులో, క్రింది వరుసలో 'కిలో' 'అరకిలో' అని వేయుటకు చోటు మిగులదు.

ఈ చోటు మాట కొంచెము నిలిచి ఆలోచింపదగినది. ఆంగ్లములో ఒక పేరును మొత్తము పెద్ద అక్షరములలో వేసినచో దానికి పైనగాని క్రిందగాని ఏమియు పొడుచుకొనిరాదు. నిడుపాటి దుకాణపు బోర్డు ఎత్తంతయు అక్షరమే ఆక్రమింపవచ్చును. తెలుగులో పైన తలకట్టు, గుడి, ఏత్వము. క్రింద ఒక వత్తు, కొన్నిచోట్ల రెండు. 'లక్ష్మీ వస్త్రాలయం' అను పేరును మూడడుగుల ఎత్తు బోర్డులో వేసినపుడు, పైకిని క్రిందికిని పోయిన భాగమును విడిచిపెట్టినచో, అసలు అక్షరమునకు దక్కు ఎత్తు అందులో సగమునకు అటు ఇటుగా ఉండును. అందుచేత అంతే ఎత్తు బోర్డు మీద ప్రక్కదుకాణపు ఆంగ్లనామము మనదానికంటె రెండింతలు పెద్దదిగా కనబడి, యజమాని ఫ్లెక్సు వేసినవానిని నిందించును. నింద పడవలసినది వత్తులను మరీ క్రిందికి జారవిడిచిన ఫాంటు మీద. వత్తులను అక్షరపు కుడిప్రక్కకు చేర్చి, కొంత పైకి లేవనెత్తి గీసిన ఫాంటు ఇట్టి పేర్లకు ప్రాణము. హింద్ గుంటూరు, అనేక్ ఈ విషయములో పొదుపైనవి.

శ్రీకారమును వేరుగా పరీక్షింపవలెను. మన దుకాణముల పేర్లలో సగము శ్రీతో ఆరంభమగును. పేరునకు అదియే ముఖము. శకారపు తలపై గుడిదీర్ఘము, క్రింద రకారపు వత్తు. ఆ వత్తు అమరిక ఫాంటునుండి ఫాంటునకు మారుచుండును. శ్రీ నచ్చని ఫాంటును, మిగిలిన అక్షరములు ఎంత సొగసైనవైనను, విడిచిపెట్టుటయే ఉచితము.

చేసంచి మీద ధకారము

కంప్యూటరు తెరమీద అందముగా కనబడిన అక్షరము గుడ్డసంచి మీద ఏమగునో తెలిసికొనుటకు ధకారమును మించిన పరీక్ష లేదు. దకారమునకు అడుగున చిన్న నిలువుగీత చేర్చినచో ధకారము; దానికి లోపల చుక్క కూడ చేర్చినచో థకారము. ఒక భాషలోని మూడు ధ్వనుల భేదము ఒక గీత మీదను, ఒక చుక్క మీదను ఆధారపడియున్నది. బకార భకారములు, డకార ఢకారములు, పకార ఫకారములు కూడ ఇట్టి సన్నని ఆనవాళ్ల మీదనే బ్రతుకుచున్నవి. స్క్రీన్ ప్రింటింగులో రంగు గుడ్డ పోగులలోనికి పాకును. పాకినపుడు మొట్టమొదట పూడుకొనిపోవునవి ఆ చుక్కలు, ఆ చీలికలే. బరువైన ఫాంటులో చిన్నదిగా వేసిన 'ధనలక్ష్మి' సంచిమీదికి 'దనలక్ష్మి'గా దిగుట ఇందువలననే. తప్పు అచ్చువేసినవానిది కాదు. అంత బొద్దు ఫాంటును అంత చిన్న కొలతలో కోరినవానిది.

దీనికి తోడు ఒక దురభ్యాసము కలదు. ఫాంటునకు బొద్దు రూపము లేనపుడు కంప్యూటరులో 'బి' అను మీటను నొక్కినచో, ఆ యంత్రము అక్షరపు అంచులను తనంతట తానే లావెక్కించి కృత్రిమముగా బొద్దు చేయును. ఆంగ్లాక్షరములకు దానివలన కలుగు హాని స్వల్పము. తెలుగు అక్షరములలోని సన్నని ఖాళీలు దానితో మూసికొనిపోవును. అందుచేతనే ఒకే మందము గల ఫాంటును పేరునకు వాడినను, ధరలు, వివరములు, చిరునామా మొదలైనవానికి అయిదారు మందములు గల కుటుంబమును వాడుమనుచున్నాను. అట్లు రెండు ఫాంట్లు చాలును. మూడవది ప్రవేశించినచో లేబులు పెండ్లి పందిరివలె అగును.

సీసా లేబులు విషయములో చట్టము కూడ ఒక చేయి వేయుచున్నది. ఆహారపదార్థముల లేబులు మీద విధిగా ఉండవలసిన వివరములు ఆంగ్లములోగాని, దేవనాగరి లిపిలో హిందీలోగాని ఉండవలెను. తెలుగు దానికి అదనముగా ఉండవచ్చును. అనగా మన పచ్చడి సీసా ఇష్టమున్నను లేకున్నను రెండు భాషలది. పదునాలుగు అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సు సంఖ్య, నికర తూకము, గరిష్ఠ చిల్లర ధర, తయారైన తేదీ, ఇవన్నియు ఆంగ్లాక్షరములలో, ఆంగ్ల అంకెలలో వచ్చి తెలుగు పేరు ప్రక్కన కూర్చుండును. తూనికలు కొలతల శాఖవారి ప్యాకేజి వస్తువుల నిబంధనలు 2011 ప్రకారము ఆ వివరముల అక్షరపు ఎత్తు ఒక మిల్లీమీటరుకు తగ్గరాదు. అక్షరపు వెడల్పు దాని ఎత్తులో మూడవ వంతునకు తగ్గరాదు. చోటు చాలక అక్షరములను ప్రక్కలనుండి నొక్కి సన్నగా సాగదీయు అలవాటు గలవారు ఈ రెండవ నియమమును గుర్తుంచుకొనవలెను. అట్లు నొక్కుట చట్టమునకు మాత్రమే కాదు, కంటికి కూడ అపరాధమే. సన్నని అక్షరములు కావలసినచో సన్నగా గీసిన ఫాంటునే వాడవలెను, అనేక్ అందుకే ఉన్నది.

తెలుగు ఫాంటులో ఆంగ్లాక్షరములు కూడ ఉండును గాని, అవి ఎచ్చటివి అని చూచుకొనవలెను. సిలికానాంధ్ర ఫాంట్లలో చాల వానికి ఆంగ్లభాగమును ఇతర ఉచిత ఫాంట్లనుండి తెచ్చి కూర్చినారు. కొన్నిచోట్ల ఆ పొత్తు కుదిరినది, కొన్నిచోట్ల రెండు అపరిచితులు ఒకే బల్లపై కూర్చున్నట్లున్నది. హింద్ గుంటూరు, బాలూ, అనేక్ మొదలైనవి రెండు లిపులను కలిపి ఆలోచించి గీసినవి. రూపాయి గుర్తును కూడ వేసి చూచుకొనవలెను. ఆ గుర్తును భారత ప్రభుత్వము 2010 జులైలో అంగీకరించినది; అంతకు ముందు పుట్టి తరువాత సవరింపబడని ఫాంటులో ధర ముందు ఒక ఖాళీ పెట్టె మాత్రము కనబడును.

ప్రెస్సునకు పంపుటకు ముందు

ఎన్నుకొన్న ఫాంటు ఎంత మంచిదైనను, దానిని వాడు సాఫ్ట్‌వేరు తెలుగును ఎరుగనిదైనచో ప్రయోజనము లేదు. తెలుగు అక్షరము టైపు చేసిన వరుసలో అట్లే నిలువదు. హల్లు, పొల్లు, హల్లు అని మూడు మీటలు నొక్కినచో యంత్రము వానిని కూర్చి వత్తుగా మార్చవలెను. ఆ కూర్పు తెలియని సాఫ్ట్‌వేరులో పొల్లులు విడివిడిగా నిలబడి, స్వాగతము చెప్పవలసిన తోరణము మీద 'స్ వాగతం' అని విరిగిపోయి కనబడును. పాత పేజ్‌మేకరునకు యూనికోడ్ తెలుగు తెలియదు. ఫోటోషాపు పాత పాఠములలో దక్షిణాసియా లిపుల కొరకు ప్రత్యేకించిన అమరికను, ఇన్‌డిజైనులో వరల్డ్ రెడీ కంపోజరును ఎన్నుకొనవలసియుండును. ఖర్చు వద్దనుకొన్నవారికి ఇంక్‌స్కేప్ అను ఉచిత సాఫ్ట్‌వేరు కలదు. అది తెలుగు కూర్పును స్వయముగనే సరిగా చేయును.

పాతకాలపు యూనికోడేతర ఫాంట్లనే ఇప్పటికిని కోరు ప్రెస్సులు చాల ఉన్నవి. వానిలో అందమైనవియు ఉన్నవని ఒప్పుకొనవలెను. కాని వానితో టైపు చేసిన తెలుగు, యంత్రము లోపల తెలుగు కాదు. ఆంగ్లాక్షరముల సంకేతములకు తెలుగు బొమ్మలు తొడిగినది మాత్రమే. బోర్డునకు అది చాలును. ఆ మాటనే తీసి వాట్సాప్‌లో పెట్టినచో, వెబ్‌సైటులో వేసినచో, అర్థము లేని ఆంగ్లాక్షరముల గుంపుగా మారును. కొనుగోలుదారుడు మన పేరును తెలుగులో వెదకినచో దొరకదు. తెలుగునకు యూనికోడ్‌లో స్థానము 1991 నాటి తొలి పాఠమునుండియు ఉన్నది.

పేరు సిద్ధమైన పిదప దానిని ప్రెస్సునకు టైపు రూపములో పంపరాదు. ప్రెస్సువారి కంప్యూటరులో ఆ ఫాంటు లేకపోయినచో అది వేరొకదానిని తెచ్చి కూర్చును. మన శ్రమ అంతయు అక్కడితో వృథా. "కర్వ్స్ చేసి పంపండి సార్" అని వారే చెప్పెదరు. అనగా అక్షరములను గీతలుగా మార్చి పంపుట. ఇంక్‌స్కేప్‌లో దానిని పాత్ అందురు. ఈ దశలోనే పెయింటరు చేసిన పనిని మనము కొంత చేయవచ్చును. గీతలుగా మారిన అక్షరము ఇక ఫాంటు కాదు, బొమ్మ. వత్తును జరుపవచ్చును, తగులుచున్న తోకను కత్తిరింపవచ్చును, శ్రీకారపు దీర్ఘమును చివరి అక్షరము వరకు సాగదీయవచ్చును. వీధిలో అందరును ఒకే ఉచిత ఫాంటును వాడుచున్నను మన పేరు మన పేరుగా కనబడుటకు మార్గమిదియే. అది కూడ చేతగాదనుకొన్నచో, మిగిలిన డబ్బుతో బోర్డులు వ్రాయు పాత ఆర్టిస్టునొకనిని వెదకి, పేరులోని రెండు మూడు మాటలను మాత్రము చేతితో వ్రాయించుకొని, తక్కినదంతయు ఉచిత ఫాంటులో నడుపుట నా దృష్టిలో అన్నింటికంటె తెలివైన బేరము. బాపు చేతివ్రాతను ఒక తరమంతయు సినిమా పేర్లలోను పుస్తకముల అట్టల మీదను గుర్తుపట్టినది. అది ఏ ఫాంటు చూచి నేర్చినది కాదు.

చివరకు ట్రేడ్‌మార్కు. వ్యాపారము కొంత నిలదొక్కుకొన్న తరువాత పేరును రిజిస్టరు చేయించుకొనదలచినవారు రెండు విధములుగా దరఖాస్తు పెట్టుకొనవచ్చును: మాటను మాత్రమే, లేదా గీసిన రూపముతో సహా. ఫాంటు అందరిదియు గనుక దాని అందమును మనదని చెప్పుకొనుటకు బలము తక్కువ. మాటను రిజిస్టరు చేయించుకొన్నచో అది ఏ అక్షరరూపములో ఉన్నను మనదే అగును. వ్యక్తులకును చిన్న సంస్థలకును ఆన్‌లైను దరఖాస్తు రుసుము ఒక్కొక్క తరగతికి 4,500 రూపాయలు. రిజిస్ట్రేషను పది సంవత్సరములు చెల్లును, పిదప పునరుద్ధరించుకొనవలెను. మాటను మాత్రమే రిజిస్టరు చేయించుకొన్నచో, ఆ పది సంవత్సరములలో బాలూ తమ్ముడును విడిచి తిరో తెలుగునకు మారవలెనని బుద్ధి పుట్టినను, కొత్త దరఖాస్తు పెట్టనక్కరలేదు. బోర్డు మార్చిన ఖర్చే ఖర్చు.